కిలోకు సీలెయ్యరు

కరోనా తగ్గి మార్కెట్లు మళ్ల నిండుగ నడుస్తున్న ఏడు, ఎండాకాలం మొదట్ల, నన్ను మలక్‌పేట, మాదన్నపేట పరిధికి తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగ వేసిన్రు. అదే నా ఆఖరి పోస్టింగు. మా శాఖ ఒకటున్నదని చానామందికి తెల్వదు. పెట్రోలు బంకుకాడ లొల్లి అయిననాడు మాత్రం యాదికొస్తం. కాంటాలు సరిగ్గ తూగుతున్నయా, తూకం రాళ్లు అరిగినయా, లీటరు డబ్బల నిజంగ లీటరు పడ్తదా, ఇవి చూసుడే మా పని. ఇన్‌స్పెక్టరు మీద అసిస్టెంటు కంట్రోలరు, ఆయన మీద డిప్యూటీ కంట్రోలరు ఉంటరు. బజార్ల నిలబడి ఎండకు ఎండేది మాత్రం ఇన్‌స్పెక్టరే.

పని పద్ధతి గిట్ల ఉంటది. ఎలక్ట్రానిక్ కాంట ఏడాదికొకసారి మా ముందుకు రావాలె. మా దగ్గర ప్రమాణపు రాళ్ల పెట్టె ఉంటది. అవి పెట్టి చూసి, సరిగ్గ తూగితే, కాంట పొట్టకు సన్నతీగ గుచ్చి, దానికి సీసపు బిళ్ల నొక్కి ముద్ర వేస్తం. ఆ ముద్రల ఇన్‌స్పెక్టరు నంబరు, ఏ త్రైమాసికంల వేసిండో చెప్పే అక్షరం ఉంటయి. తీగ తెగిందంటే ఎవడో లోపల చెయ్యి పెట్టినట్టే లెక్క. నౌకరీ అంత నేను నమ్మింది ఆ బిళ్లనే. మూసి ఉంటే నిజాయితీ, తెరిస్తే దొంగతనం. నా లెక్క అంతవరకే.

మాదన్నపేట కూరగాయల మార్కెట్లకు మొదటిసారి తనిఖీకి పోయిననాడే ఒక వింత చూసిన. కాంటాల పక్కన ఫోన్లు వేలాడుతున్నయి, మాట్లాడుతున్నయి! పళ్లెంల బెండకాయలు పోస్తే చాలు, ఎంత తూగింది, ఎంత ధర అయింది, ముందు ఉర్దూల, తర్వాత తెలుగుల గట్టిగ చెప్తున్నయి. చదువురాని ముసలమ్మలు గూడ చెవొగ్గి విని, తలూపి, పైసలు తీస్తున్నరు. బజార్ల ఇంత పనికొచ్చే వస్తువును నేను చాన ఏండ్ల తర్వాత చూసిన. ఇది ఎవరు చేసిన్రని అడిగితే, మూలకు టమాటలు కుప్పపోసుకొని కూసున్న సత్తెమ్మను చూపిన్రు.

"నా బిడ్డ చేసింది సారూ. పేరు రేణుక. కంపెనీల జీతం ఇడిసిపెట్టి ఇంట్ల కూసొని చేసింది," అని సత్తెమ్మ చెప్పింది. జీతం ఇడిసిపెట్టిందన్నప్పుడు మూతి ముడిచింది గాని, కండ్లల్ల సంబురం మాత్రం దాచుకోలేకపోయింది.

రేణుక ఒక పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీల చేసి మానేసిన మనిషి. మాదన్నపేటలనే రెండర్రల ఇంట్ల ఉండి సొంతంగ ప్రోగ్రాములు రాసేది. ఎనుక కంపెనీ లేదు, పెట్టుబడి పెట్టినోడు లేడు. కాంట నుంచి ఒక వైరు ఫోనుకు పోతది, ఫోన్ల ఆమె రాసిన ప్రోగ్రాము ఆ తూకం తీసుకొని ధర కట్టి చెప్తది. దానికి 'తరాజు' అని, అంటే త్రాసని, పేరు పెట్టింది. అమ్మెటోళ్లు నెలనెలా ఇంతని కడ్తరు, అదే ఆమె బతుకుదెరువు. ప్రోగ్రాములు రాసెటోళ్లు రాసిన అసలు రాతను సోర్స్ కోడ్ అంటరు. దాన్ని ఆమె ఎవరికీ చూపలేదు. మిఠాయి కొట్టాయన పాకం చూపడు గద, గట్లనే.

ఎండలు ముదిరినంక ఫిర్యాదు వచ్చింది. తెచ్చినాయన యూసుఫ్ భాయ్. బార్కస్‌ల ఉంటడు, మాదన్నపేటల పండ్లు అమ్ముతడు, అమ్మెటోళ్ల సంఘానికి పెద్ద. మనిషి కోపిష్టి గాని అబద్ధం ఆడడు. ఆయన మాట ఒకటే: పొద్దున బస్తా తూచి తెస్తున్నం, పొద్దుగూకేసరికి అమ్మిన తూకం కలిపితే బస్తా నిండుతలేదు. ఫోన్లు రాకముందు గింత తరుగు లేకుండె. నడుమల తూకం ఎవడు తింటుండు?

రేణుక తప్పించుకొని పోలేదు, లెక్క మీకు తెల్వదు, ప్రోగ్రాము సరిగ్గనే ఉన్నదన్నది. అయితే చూపియ్ అంటే మాత్రం, అది నా కష్టం, చూపనన్నది. యూసుఫ్ భాయ్‌కి అదే మంటెత్తింది. "కైకు సాబ్? ఛోరీ నైఁ తో ఛుపానా కైకు?" అని నా టేబులు మీద కొట్టి అడిగిండు. దొంగతనం లేకపోతే దాచుడు ఎందుకట.

నేను పెట్టె పట్టుకొని పోయి ఫోనున్న కాంటలన్ని చూసిన. కిలో రాయి పెడితే కాంట కిలో చూపుతున్నది, ఫోను కిలో అంటున్నది. అరకిలో, పావుకిలో, అన్నీ అంతే. సన్నరాళ్లు పెడితే కాంట అద్దంల అంకె కదులుతున్నది. సీళ్లు ఎక్కడివక్కడ ఉన్నయి. మా పద్ధతి ప్రకారం తప్పు లేదు. కాని తరుగు నిజమే, అమ్మెటోళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుండె.

ఇంతల బజారు తన తీర్పు తను చెప్పింది. తాడిచెట్టు కింద కూసొని పాలు తాగినా కల్లే అంటరు. రేణుకను ఎవరూ ఏమనలేదు, ఆమె మార్కెట్ల ఉండదు గద! సత్తెమ్మను అన్నరు. పక్కల కూసుండెటోళ్లు చాయకు పోయినప్పుడు కుప్ప చూడుమని ఆమెకే చెప్పి పోయెటోళ్లు, ఆ మాట బందైంది. 'దొంగ కాంట తల్లి' అని ఒకరిద్దరు ఆమెకు వినబడేటట్టే అన్నరు. ఆ మార్కెట్ల ముప్పై ఏండ్లకు మీదనే కూసున్న మనిషి ఆమె. నాకు మస్తు బాధైంది, కాని బాధను పంచనామల రాయలేం.

డిప్యూటీ కంట్రోలరు సారు సీదా మనిషి. శాఖ ఒప్పుకోని వస్తువు కాంటకు తగిలించి తూకం చెప్తున్నరు, ఫిర్యాదు గూడ ఉన్నది, వారం రోజులల్ల తేల్చు, లేకపోతే ఫోన్లు, కాంటలు జప్తు చేసి కేసు కట్టు అన్నడు. జప్తు అంటే చిన్న మాట గాదు. కాంట పోతే అమ్మెటోళ్ల బేరం ఆగుతది. రేణుక పేరు మీద కేసు పడితే ఇగ ఆ ప్రోగ్రామును ఎవడూ ముట్టడు. సత్తెమ్మ ఇగ ఆ మూలల కూసోలేకపోతది.

రేణుకను ఆఫీసుకు పిలిపించిన. సన్నటి మనిషి, మాట మాత్రం కడక్. నేను ఆమెకు దారి చూపిన అనుకున్న. కోడును సీలు కవర్ల పెట్టి నాకియ్యమ్మా, నేను తెలిసినోళ్లతోని చూపిచ్చుకొని మళ్ల సీలేసి బీరువల పెడ్త, బయటికి పోదు అన్న.

ఆమె అడిగింది. "సార్, మీరు చూసి బాగనే ఉందంటే యూసుఫ్ భాయ్ నమ్ముతడా? ఇన్‌స్పెక్టరుకు ఎంత ముట్టిందో అంటడు గద."

నాకు కోపమొచ్చింది గాని, మాట నిజం. అంటడు, తప్పకుంట అంటడు.

"అందరికీ తెరిచి పెట్టాల్నా అని ఆలోచిస్తున్న," అన్నది. ఓపెన్ సోర్స్ అంటే ఏందో అప్పుడు నాకు వివరంగ చెప్పింది. రాసిన కోడంత ఇంటర్నెట్‌ల పెడ్తరట. ఎవరైన చదువొచ్చు, తీసుకొని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు గూడ. ఆమె పెట్టదల్చుకున్న షరతు ఒకటే. మార్చి వేరేవాళ్లకు ఇచ్చెటోళ్లు తమ రాతను గూడ గట్లనే తెరిచి పెట్టాలె.

నేను ఉలిక్కిపడ్డ. "ఏందమ్మా, మతి ఉన్నదా? మేము తీగలు గుచ్చి, బిళ్లలు నొక్కి, ఎవడు చెయ్యి పెట్టకుంట కాపాడుతం. నువ్వు మూత తీసి బజార్ల పెడ్త అంటున్నవ్. రేపు ఎవడో ఒకడు మార్చి దొంగ తూకం చేస్తే?"

రేణుక నా టేబులు మీది కిలో రాయిని చేత్తోని ముట్టుకున్నది. "సార్, కిలో అంటే ఎంతో మీరు దాచిపెడ్తరా? దేశమంత తెలుసు. కాంటకు సీలేస్తరు గాని కిలోకు సీలెయ్యరు గద."

నౌకరీల చేరిన్నాటి నుంచి ఆ రాయిని మోస్తున్న. గట్ల ఎన్నడూ ఆలోచించలే. ఆమె ఇంకా చెప్పింది. ప్రతి ప్రోగ్రాము నుంచి లెక్కగట్టి ఒక పొడుగు గుర్తు నంబరు తీయొచ్చట, లోపల ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతదట. ఫోన్ల ఆ నంబరు కనబడుతది, బయట పెట్టిన నంబరుతోని ఎవరైన పోల్చుకోవచ్చు. అంటే లెక్క అందరికీ తెరిచి ఉంటది, కాంట మీద ముద్ర మాత్రం ముద్రలెక్కనే ఉంటది. మా శాఖ పద్ధతిని నాకే తిప్పి చెప్పింది పిల్ల! కోపం పోయి నవ్వొచ్చింది.

కాని తెరుసుడంటే ఆమెకు ఏం పోతదో గూడ నాకు తెలుసు. మలక్‌పేటల కాంటలమ్మే డీలరొకాయన అప్పటికే ఆమె ఇంటికి రెండు తాపలు వచ్చిపోయిండు. కోడు నాకమ్ము, ఎవరికీ చూపకు, కేసు సంగతి నేను చూసుకుంట అన్నడట. తెరిచి పెడితే అదే కోడు ఆయనకు ఉత్తపుణ్యానికి దొరుకుతది. ఆమెతోని కంపెనీల పనిచేసిన స్నేహితురాలు ఫోన్ల తిట్టిందట, నీ కడుపు నువ్వే కొట్టుకుంటున్నవే, పెద్ద పెద్ద కంపెనీలు తెరిచి పెట్టుకుంటయి, వాళ్లకు వేరే ఆదాయముంటది, నీకేమున్నదని. ఆ స్నేహితురాలి మాటల అన్యాయమేం లేదు. ఒంటిగ చేసుకునే మనిషికి రాత ఒక్కటే ఆస్తి.

"మరి ఎందుకమ్మా?" అని అడిగిన.

"అమ్మ ఆడ కూసోవాలె సార్," అన్నది.

మరుసటి దినం కోడు ఇంటర్నెట్‌ల పెట్టింది. పెట్టినని సంఘానికి చెప్పి, ఎవరికి తెలిసినోళ్లను వాళ్లు తెచ్చుకొని చూపిచ్చుకోండ్రి అన్నది. యూసుఫ్ భాయ్ మొదట గుర్రుమన్నడు, మాకేం సమఝయితది ఆ అంగ్రేజీ మంత్రం అని. అయినా ఊకోలేదు. ఆయన బిడ్డ జెహ్రా పాలిటెక్నిక్‌ల కంప్యూటరు చెప్పే లెక్చరరు. ఆమెకిచ్చిండు.

వారం తిరగక ముందే, పొద్దటి బేరాలు తగ్గిన యాళ్లకు, మార్కెట్ షెడ్డు కింద అందరం కూడినం. నేను, యూసుఫ్ భాయ్, అమ్మెటోళ్లు, ఒక మూలకు సత్తెమ్మ, ఆమె పక్కన రేణుక. జెహ్రా కంప్యూటరు తెరిచి పెట్టుకొని నిలబడింది. ఆ పిల్ల ముందు తండ్రి దిక్కు చూసి, తర్వాత రేణుక దిక్కు చూసింది.

"తప్పు దొరికింది," అన్నది.

షెడ్డంత ఒక్కసారే లొల్లైంది. రేణుక ముఖం తెల్లబడ్డది. జెహ్రా చెయ్యెత్తి ఆపి, ఆ ముక్కను చదివి విడమరిచి చెప్పింది. తూకం నిండు అంకె మీద కొంచెం ఎక్కువుంటే, యాభై గ్రాముల లోపల ఉన్నదంత ఫోను వదిలేసి కింది అంకెనే చెప్తది. కిలో మీద నలభై గ్రాములు తూగినా కిలో అనే అంటది, కిలోకే ధర కడ్తది. నా పెట్టెల పెద్దరాళ్లన్ని నిండు తూకాలే. అవి పెడితే వదిలేసేటందుకు ఏమీ ఉండదు, తప్పు బయటపడదు. సన్నరాళ్లు పెట్టిననాడు నా కండ్లు కాంట అద్దం మీదనే ఉండె. మాట్లాడే ఫోను వచ్చినంక అద్దం దిక్కు అమ్మెటోళ్లు గూడ చూస్తలేకుండిరి.

"అంటే నడుమల తూకం కొన్నోళ్ల సంచులకు పోయింది. ఎవరూ తినలే," అని జెహ్రా చెప్పింది. "ఆ ముక్క పైన ఒక మాట రాసి పెట్టుకున్నది ఈమె. 'అమ్మ మొగ్గు' అని."

నాకు అప్పుడు వెలిగింది. సత్తెమ్మ పాత రెండు పళ్లేల తరాజు కాలం మనిషి. ఆ కాలపోళ్లు తూచేటప్పుడే సరుకు దిక్కు పళ్లెం కొంచెం కిందికి వంగనిస్తరు. దాన్నే మొగ్గు అంటం. అదే వాళ్ల కొసరు, దాని మీద ఇంకేం వెయ్యరు. రేణుక చిన్నప్పటి నుంచి తల్లి పక్కన కూసొని చూసింది అదే. తూకమంటేనే మొగ్గు అనుకున్నది, ప్రోగ్రాముల రాసింది. కాని ఎలక్ట్రానిక్ కాంట మీద నేర్చుకున్న తక్కినోళ్లు గట్ల చెయ్యరు. అంకె సరిపోయేదాక తూచి, ఆ తర్వాత గుప్పెడు తీసి సంచిల ఏస్తరు. అట్ల ఒక్క బేరానికి కొసరు రెండుసార్లు పోయింది, ఒకటి ఫోను వేసింది, ఒకటి చెయ్యి వేసింది. సత్తెమ్మ ఒక్కదాని కాంటకాడనే లెక్క సరిపోయింది, ఎందుకంటే ఆమె అప్పుడు చేత్తోని ఇంకేం వెయ్యకపోయేది.

రేణుక లేచి నిలబడింది. "తప్పు నాదే. మా అమ్మను చూసి రాసిన, మిమ్ములను అడగలే. మీకు నష్టమైంది, ఆ నెలల పైసలు నేను తీసుకోను," అన్నది. తల మాత్రం దించలేదు. తప్పు దొరికినోళ్లను నా నౌకరీల ఎంతోమందిని చూసిన. కాళ్లు పట్టుకునెటోళ్లున్నరు, ఫోన్లు చేపిచ్చెటోళ్లున్నరు, కాంట నాది గాదనెటోళ్లు మస్తుమంది ఉన్నరు. తన తప్పును పట్టుకునే తాళంచెవి తనే బజార్ల పెట్టి, దొరికినంక గిట్ల నిలబడ్డ మనిషిని మాత్రం ఆమెనే చూసిన. శభాష్ అనబుద్ధైంది. విచారణల ఉన్న కదా అని ఊకున్న.

ముందు నవ్వింది యూసుఫ్ భాయే. "అరె సత్తెమ్మా! బజారంత నీ చెయ్యేనా?" అన్నడు. ఆ మాటతోని అందరూ నవ్విన్రు, సత్తెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది. యూసుఫ్ భాయ్ నా దగ్గరికొచ్చి ఫిర్యాదు కాయితం వాపసు తీసుకుంటనన్నడు.

పద్ధతి పద్ధతే గనక నేను నా మాట చెప్పిన. కొన్నోళ్ల దిక్కు వంగినా, అమ్మెటోళ్ల దిక్కు వంగినా, కాంట వంగొద్దు. మొగ్గు తియ్యాలె. రేణుక ఆడనే ఆ ముక్క తీసేసింది, జెహ్రా పక్కన నిలబడి చూసింది. డిప్యూటీ కంట్రోలరు సారుకు నివేదిక రాసిన. లెక్క బహిరంగంగ ఉన్నది, తప్పు దొరికింది, అందరి ముందు సవరించిన్రు, జప్తు అక్కర లేదని. ఆయన రెండుసార్లు చదివి, 'బహిరంగంగ' అన్న మాట కింద గీత గీసి సంతకం పెట్టిండు. ఫోన్లు కాంట అద్దానికి బదులు గాదని, అద్దం కొన్నోళ్లకు కనబడేటట్టు తిప్పాలని ఒక ఉత్తర్వు మాత్రం ఇచ్చిండు.

అంత మంచే జరిగిందంటే అబద్ధమైతది. స్నేహితురాలు చెప్పినట్టే మలక్‌పేట డీలరు కోడు తీసుకొని, వేరే పేరు పెట్టి, కొత్త కాంట కొంటే ప్రోగ్రాము ఉచితమన్నడు. కొందరు ఆయన దిక్కు పోయిన్రు. రేణుకకు ఆ వానకాలం కష్టంగనే గడిచింది. ఒకనాడు మార్కెట్ల కలిస్తే, పశ్చాత్తాపం ఉన్నదా అని అడిగిన. "ఉన్నది సార్, నెలాఖరుకు ఉంటది. మళ్ల ఒకటో తారీఖుకు పోతది," అని నవ్వింది.

డీలరు తన మార్పులు మాత్రం తెరిచి పెట్టలేదు, షరతు తప్పిండు. అప్పుడు రేణుక నోరు తెరవక ముందే యూసుఫ్ భాయ్ నలుగురిని వెంటేసుకొని ఆయన దుకాణం ముందు నిలబడ్డడు. "పేరు మార్చినవ్, బాగనే ఉన్నది. లెక్క దిఖావ్ భాయ్. ఆ పిల్ల చూపింది, నీకేం రోగం?" అన్నడట. డీలరు చూపక తప్పలేదు. ఒకప్పుడు దాచుడు ఎందుకని నా టేబులు మీద కొట్టిన మనిషే యూసుఫ్ భాయ్. ఇప్పుడు లెక్క చూపని కాంట మాదన్నపేటల ఎవరూ కొంటలేరు. డీలరు దిక్కు పోయినోళ్లు గూడ కాంట చెడిపోతే, కొత్తది జోడించాలంటే రేణుకనే పిలుస్తరు, రాసిన మనిషే గద అని. వేరే ఊర్ల మార్కెట్ల నుంచి గూడ పిలుపులొస్తున్నయట. బంగ్లాలు కట్టలేదు, ఆ రెండర్రల ఇంట్లనే ఉన్నది, పని మాత్రం ఆగలేదు.

రిటైరైనంక, ఈ ముచ్చట విన్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటరు, ఒంటిగ ప్రోగ్రాములు రాసుకునెటోళ్లు తమ కోడు తెరిచి పెట్టాల్నా అని. నేను కంప్యూటరు మనిషిని గాను. ఆట చేసినోడు, బొమ్మ చేసినోడు దాచుకుంటే దాచుకోనీ, వాడి కష్టం వాడిష్టం. కాని ఇంకొకరి సరుకును తూచేది, ఇంకొకరి పైసను లెక్కగట్టేది చేసినోళ్లు తెరిచి పెట్టాలె. సీలు కాంటను దొంగ చేతుల నుంచి కాపాడుతది, చేసిన మనిషిని అనుమానం నుంచి కాపాడదు. అదే తప్పు మూత కింద దొరికి ఉంటే రేణుక దొంగయ్యేది. మూత తీసి పెట్టింది గనక తప్పు తప్పులెక్కనే ఉన్నది, దిద్దుకుంటే పోయింది.

మొన్న టమాటలకు పోయిన. ఫోను కిలో అన్నది, అద్దంల గూడ కిలోనే ఉన్నది, మొగ్గు లేదు. పాత అలవాటు, వంగి చూసిన. సత్తెమ్మ పళ్లెం నా సంచిల వొంపి, రెండు టమాటలు చేతిల తీసుకొని, సంచిల ఏసే ముందు నా దిక్కు చూసింది.

"ఇది కాంట గాదు సారూ, నా చెయ్యి. దీనిక్కూడ సీలేస్తవా?" అన్నది.